ఒకే వంశవృక్షం, రెండు కంప్యూటర్లు

విద్యార్థులారా! మీ ముత్తాతగారి పేరు మీకు తెలుసా? చాలామంది తెలుసనే అంటారు. మరి ఆయన తల్లి పేరు? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి తరగతిలో లేచిన చేతులు ఒక్కొక్కటిగా కిందికి దిగిపోతాయి. మీకు తల్లిదండ్రులు ఇద్దరు. వారి తల్లిదండ్రులు నలుగురు. ఆ పైన ఎనమండుగురు. ఇలా ఒక్కొక్క తరం వెనక్కి వెళ్ళినకొద్దీ సంఖ్య రెట్టింపవుతుంది. పదో తరానికి 1,024 స్థానాలు వస్తాయి. మనుషులు అనకుండా స్థానాలు అని ఎందుకన్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పూర్వం మన పల్లెల్లో ఇంటింటికీ తిరిగి గోత్రాలు, వంశాలు పాడి వినిపించే గాయకులు ఉండేవారు. హరిద్వారం, గయ వంటి క్షేత్రాల్లో పండాలు యాత్రికుల కుటుంబాల వివరాలు పొడుగాటి చిట్టాల్లో తరతరాలుగా రాసి ఉంచారు. ఇప్పుడు ఆ పని మనం కంప్యూటరుతో చేసుకోవచ్చు. కాని ఒక చిక్కుంది. వంశం వివరాలు ఒక్కచోట ఉండవు. కొన్ని కాకినాడలో మీ నాయనమ్మ జ్ఞాపకంలో ఉంటాయి. కొన్ని హైదరాబాదులో మీ పెదనాన్నగారి బీరువాలో, పాత దస్తావేజుల మధ్య ఉంటాయి. దస్తావేజులు వచ్చే ఏడాదికి కూడా బీరువాలోనే ఉంటాయి. నాయనమ్మ జ్ఞాపకం గురించి ఆ మాట చెప్పలేం. మీరు కాకినాడలో ఆవిడ పక్కన కూర్చుని రాస్తున్నారు. పెదనాన్నగారి అమ్మాయి, అంటే మీ అక్క, హైదరాబాదులో దస్తావేజులు చూసి రాస్తోంది అనుకుందాం. కంప్యూటర్లు రెండు, వంశం ఒక్కటి. రెండుచోట్ల రాసింది ఒకే ఫైలుగా ఉండడం ఎలా? ఈ నెల మన పాఠం ఇదే.

ఫైలు లోపల ఏముంది?

వంశవృక్షాలు రాసే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. ఒక ప్రోగ్రాములో రాసినది మరొకటి చదవలేకపోతే ప్రయోజనం లేదు. అందుకని అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా ఉన్న లాటర్ డే సెయింట్స్ చర్చివారు 1984లో జెడ్‌కామ్ అనే ఉమ్మడి పద్ధతిని తెచ్చారు. పూర్వీకుల వివరాలు సేకరించడం వారికి మతధర్మంలో భాగం. ఆ పద్ధతి మాత్రం మతంతో పని లేకుండా ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. దాని 7.0 రూపం 2021లో వెలువడింది.

జెడ్‌కామ్ ఫైలులో రహస్యమేమీ లేదు. మామూలు అక్షరాలే. గుర్తులు ఇంగ్లీషులో ఉంటాయి గాని, మన సౌకర్యం కోసం తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

0 వ్యక్తి వ-1
1 పేరు రామయ్య
1 జననం
2 తేదీ 1921
1 పుట్టిన కుటుంబం కు-1
1 కట్టుకున్న కుటుంబం కు-2

వరుస మొదట్లో ఉన్న అంకె మెట్టు సంఖ్య. తేదీకి 2 ఎందుకు? అది జననం కింద ఉన్న వివరం కాబట్టి. జననం రామయ్య కింద ఉన్న వివరం కాబట్టి దానికి 1. చివరి రెండు వరుసలు చూడండి. ప్రతి మనిషికీ రెండు కుటుంబాలతో సంబంధం: పుట్టిన కుటుంబం, పెళ్ళితో ఏర్పడిన కుటుంబం. పుట్టిల్లు, మెట్టిల్లు అని మన ఆడపడుచుల గురించి చెప్పుకునే మాటను ఈ పద్ధతి మగవారికి కూడా వర్తింపజేసింది!

కుటుంబాన్ని వేరే పత్రంగా రాయడంలో పెద్ద సౌకర్యం ఉంది. మన వైపు మేనరికాలు ఎక్కువ గదా. మేనత్త కొడుకును పెళ్ళాడిన అమ్మాయికి పాప పుట్టిందనుకోండి. పాప తల్లిదండ్రులకు తాత, అవ్వ జంట ఒకటి ఉమ్మడి. కాబట్టి ఆ పాపకు ముత్తాతల తరంలో స్థానాలు 8 ఉన్నా మనుషులు 6 మందే. కొమ్మలు పైకి వెళ్ళి మళ్ళీ కలుసుకుంటే దాన్ని చెట్టు అనడం కష్టం, వల అనాలి. కాగితం మీద గీస్తే గీతలు చిక్కుపడతాయి. ఫైలులో ఆ బాధ లేదు. వ-1 అనే మనిషి ఒక్కసారే ఉంటాడు, ఎన్ని దారుల్లో వెళ్ళినా అతని దగ్గరికే చేరతాం.

పరిమాణం ఎంత? ఒక్కో మనిషి వివరాలకు 500 బైట్లు అనుకుంటే, వెయ్యి మందికి 5 లక్షల బైట్లు. అంటే అర మెగాబైటు. ఫోనుతో తీసిన ఒక్క ఫొటో దీనికి చాలా రెట్లు ఉంటుంది. మరో సంగతి. యుటిఎఫ్-8 అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి గుర్తుకూ 3 బైట్లు. రామయ్య అనే పేరులో ర, దీర్ఘం, మ, య, పొల్లు, మళ్ళీ య అని ఆరు గుర్తులు, మొత్తం 18 బైట్లు. పాత జెడ్‌కామ్ రూపాల్లో వాడిన కొన్ని అక్షర పద్ధతుల్లో తెలుగుకు చోటే లేదు. 7.0 రూపంలో యుటిఎఫ్-8 తప్పనిసరి. మీరు, అక్క ప్రోగ్రాం ఎంచుకునేటప్పుడు ముందు ఒక తెలుగు పేరు రాసి పంపించుకుని చూడండి. అవతల గజిబిజి గుర్తులు కనిపిస్తే మొదటే తెలిసిపోతుంది.

మబ్బు నేల మీదే ఉంది

ఫైలును ఈమెయిలులో పంపుకోవచ్చు. నాలుగు వారాలయ్యేసరికి ‘కొత్తది’, ‘చివరిది’, ‘అసలు చివరిది’ అని ప్రతులు పోగుపడతాయి. ఏది నిజంగా చివరిదో ఎవరికీ తెలియదు. పెన్ డ్రైవు సంగతి సరే సరి. డ్రాప్‌బాక్స్ సంస్థను 2007లో స్థాపించిన ఇద్దరిలో ఒకరైన డ్రూ హ్యూస్టన్ అమెరికాలో బోస్టన్ నుంచి న్యూయార్క్‌కు బస్సు ఎక్కాక, పెన్ డ్రైవు మరిచిపోయినట్టు చూసుకున్నాడట. ఆ చిరాకులో అక్కడే ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టానని ఆయన చెప్పుకున్నాడు.

క్లౌడ్ అంటే మబ్బు. నెట్‌వర్కు పటాలు గీసే ఇంజనీర్లు, లోపలి వివరాలు అక్కర్లేనిచోట ఒక మబ్బు బొమ్మ వేసి ఊరుకునేవారు. ఆ బొమ్మే పేరైంది. నిజానికి అందులో ఉన్నవి నేల మీద కట్టిన పెద్ద భవనాలు, వాటిలో వరుసలుగా పేర్చిన కంప్యూటర్లు. అమెజాన్ వారి అలాంటి కేంద్రాల సముదాయం ఒకటి 2022 నవంబరులో హైదరాబాదులోనే ప్రారంభమైంది. ఈ కేంద్రాల్లో డిస్కులు పాడవడం మామూలే. అందుకే సమాచారాన్ని ఒకటికి మించిన చోట్ల ఉంచుతారు. గూగుల్ ఇంజనీర్లు 2003లో ప్రకటించిన తమ ఫైలు వ్యవస్థలో ప్రతి ముక్కకూ మూడు నకళ్ళు ఉంచడం మామూలు పద్ధతి అని రాశారు.

మీ కంప్యూటరులో ఒక ఫోల్డరు ఉంటుంది. ఒక చిన్న ప్రోగ్రాం దానిని కాపలా కాస్తుంది. ఫైలు మారిందో లేదో దానికెలా తెలుస్తుంది? మీ తాతల కాలంలో గుణకారం సరిచూడడానికి తొమ్మిదులు తీసివేసే పద్ధతి ఉండేది. 1921లో అంకెలు కలిపితే 13, మళ్ళీ కలిపితే 4. పెద్ద సంఖ్యకు ఒక చిన్న గుర్తు అన్నమాట. కాని 1921కి బదులు 1912 అని తారుమారుగా రాస్తే? అప్పుడూ 4 వస్తుంది. తప్పు దొరకదు! కంప్యూటరు ఇదే ఆలోచనను ఎంతో గట్టిగా వాడుతుంది. షా-256 అనే పద్ధతి ఎంత పెద్ద ఫైలుకైనా 256 బిట్ల గుర్తును ఇస్తుంది. ఒక్క అంకె మారినా గుర్తు పూర్తిగా వేరై కూర్చుంటుంది. డ్రాప్‌బాక్స్ ఫైలును 4 మెగాబైట్ల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు ఇలాంటి గుర్తు కడుతుంది. గుర్తు మారిన ముక్కనే పైకి పంపితే చాలు. మన వంశవృక్షం ఎలాగూ ఒక్క ముక్కకు మించదు గాని, ఫొటోలు, నాయనమ్మ మాటల రికార్డింగు కూడా చేరిస్తే ఈ పొదుపు విలువ తెలుస్తుంది.

ఇద్దరూ ఒకేసారి దిద్దితే?

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఆదివారం ఉదయం ఇద్దరి దగ్గరా ఒకే ఫైలుంది. కాకినాడలో గాలివానకు నెట్ పోయింది. మీరు మాత్రం నాయనమ్మ చెప్పగా రామయ్యగారి పిల్లల్లో చిట్టెమ్మ అనే పేరు చేర్చారు. చిన్నతనంలోనే పోయిన పాప. నాయనమ్మకు తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. అదే సమయంలో అక్క ఒక దస్తావేజు చూసి రామయ్యగారి జననం 1921 కాదు, 1919 అని దిద్దింది. సాయంత్రం నెట్ వచ్చింది. ఇప్పుడు ఏది నిలవాలి?

‘చివర రాసినది ఉంచు’ అని నియమం పెడితే తేలికే. కాని అక్క రాసింది చివరిదైతే చిట్టెమ్మ మళ్ళీ మాయం. అది కూడా చప్పుడు లేకుండా. పైగా చివరిది ఏదో గడియారాన్ని బట్టి తేల్చడం నమ్మదగిన పని కాదు. పాత కంప్యూటరులో చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లలో ఏది ముందు, ఏది తరువాత అనే ప్రశ్న మీద లెస్లీ లాంపోర్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1978లో ఒక పరిశోధన వ్యాసం ప్రకటించాడు. గడియారాలను పక్కనపెట్టి, ఏ సంగతి తెలిశాక ఏది జరిగింది అన్నదే చూడాలని ఆయన వాదం. అక్క దిద్దే సమయానికి మీ మార్పు ఆమెకు తెలియదు. మీకు ఆమెది తెలియదు. కాబట్టి వీటిలో ముందూ లేదు, వెనకా లేదు. 2013 సంవత్సరానికి ట్యూరింగ్ పురస్కారం లాంపోర్ట్‌కు లభించింది.

డ్రాప్‌బాక్స్ ఇలాంటప్పుడు తెలివైన పని చేస్తుంది: ఏదీ తీసెయ్యదు. రెండో ఫైలును ‘ఘర్షణ పడిన ప్రతి’ అనే అర్థం వచ్చే పేరుతో పక్కన ఉంచుతుంది. కలిపే పని మీకు వదిలేస్తుంది. ఆ పేరు కనబడగానే కొందరు చెత్త అనుకుని తీసేస్తారు. తొందరపడకండి, చిట్టెమ్మ అందులోనే ఉండవచ్చు.

మూడో ప్రతి మహిమ

సరే, రెండు ప్రతులూ ముందు పెట్టుకున్నారు. మీ దానిలో పిల్లలు: సూరమ్మ, అప్పన్న, వెంకన్న, చిట్టెమ్మ. అక్క దానిలో: సూరమ్మ, అప్పన్న. మీరు ఇద్దరిని చేర్చారా? అక్క ఇద్దరిని తీసేసిందా? లేక ఒకరిని చేర్చి, ఒకరిని తీసేశారా? ఎంతసేపు చూసినా ఈ రెండు ప్రతుల నుంచి జవాబు రాదు. ప్రయత్నించి చూడండి.

ఇప్పుడు ఆదివారం ఉదయం నాటి పాత ప్రతి తీయండి. అందులో: సూరమ్మ, అప్పన్న, వెంకన్న, జననం 1921. చిక్కు విడిపోయింది! చిట్టెమ్మ పాతదానిలో లేదు, మీ దానిలో ఉంది; కాబట్టి మీరు చేర్చారు. వెంకన్న పాతదానిలో, మీ దానిలో ఉన్నాడు, అక్క దానిలో లేడు; కాబట్టి అక్క తీసేసింది. జననం మీ దానిలో పాతదే, అక్క దానిలో మారింది. కాబట్టి 1919 తీసుకోవాలి. నియమం ఇంతే: పాతదానితో పోల్చి, మారిన పక్షాన్ని తీసుకో. రెండు పక్షాలూ ఒకే చోట వేర్వేరుగా మారితే మాత్రం మనిషిని అడుగు. ప్రోగ్రాములు రాసే ఇంజనీర్లు రోజూ వాడే త్రిముఖ కలయిక పద్ధతి ఇదే. పనికిరాదని మనం పారేసే పాత ప్రతికి ఇంత విలువ ఉంది.

వెంకన్నను అక్క ఎందుకు తీసేసిందో మాత్రం ఏ ప్రోగ్రామూ చెప్పదు. బహుశా అతను రామయ్యగారి తమ్ముడి కొడుకని దస్తావేజులో కనబడి ఉంటుంది. ఫోను చేసి అడగాల్సిందే.

ఇద్దరు వ-251లు

ఇంకో ప్రమాదం ఉంది. ఇది కంటికి కనబడదు కనుక మరింత చెడ్డది. ఫైలులో 250 మంది ఉన్నారు. నెట్ లేని సమయంలో మీ ప్రోగ్రాం చిట్టెమ్మకు వ-251 అని సంఖ్య ఇచ్చింది. హైదరాబాదులో అక్క ఎవరో దూరపు బంధువును చేర్చితే, ఆ ప్రోగ్రాం కూడా వ-251 అనే ఇచ్చింది. రెండూ తమ లెక్కలో సరిగానే ఉన్నాయి. అజాగ్రత్తగా కలిపితే, ఆ బంధువు రామయ్యగారికి కూతురై కూర్చుంటుంది!

పేర్లతో సరిచూసుకోవచ్చు గదా అంటారా? తాత పేరు మనవడికి పెట్టే మన ఆచారంలో ఒక వంశంలో నలుగురు అప్పన్నలు ఉండడం వింత కాదు. ఈ ఇబ్బంది వలస పాలకులకూ ఎదురైంది. 1860 నుంచి 1911 వరకు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1,52,184 మంది భారతీయులను తీసుకువెళ్ళారు. వారిలో మద్రాసు రేవున ఓడ ఎక్కిన తెలుగువారూ, తమిళులూ చాలామంది. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు రాసి, ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చారు. దయతో ఇచ్చింది కాదు, కూలీలను అదుపులో పెట్టుకోవడానికి ఇచ్చింది. పేర్లేమో గుమస్తా చెవికి వినబడినట్టల్లా రాశారు. అయినా నేడు ఆ దేశంలోని తెలుగు కుటుంబాలవారు తమ పూర్వీకుల ఊరు వెతుక్కునేటప్పుడు, ఆ సంఖ్యే గట్టి ఆధారం. ఇద్దరు అప్పన్నలు ఉండవచ్చు గాని ఒకే సంఖ్యతో ఇద్దరు ఉండరు. ఎందుకంటే సంఖ్యలిచ్చే కార్యాలయం ఒక్కటే.

మన ఇద్దరికీ అలాంటి ఒక్క కార్యాలయం లేదు. అప్పుడేం చేయాలి? 128 బిట్ల పొడవున్న సంఖ్యను యాదృచ్ఛికంగా, అంటే చీట్లు తీసినట్టు, ఎంచుకోవాలి. సాధ్యమయ్యే సంఖ్యలు ఎన్నంటే 3 పక్కన 38 సున్నాలకు పైమాట. కాకినాడలోనూ, హైదరాబాదులోనూ ఒకే చీటి రావడం జరగదనే అనుకోవచ్చు. జెడ్‌కామ్ 7.0లో ఇలాంటి విశిష్ట సంఖ్యకు ప్రత్యేకంగా ఒక గుర్తు ఉంది. మీ ప్రోగ్రాములో ఆ సౌకర్యం లేకపోతే ఒప్పందం చేసుకోండి: కాకినాడ వారికి 1000 నుంచి, హైదరాబాదు వారికి 5000 నుంచి సంఖ్యలు అని వివరాల్లో రాసుకోవచ్చు.

రైలు గుండు పాఠం

అసలు ఘర్షణే రాకుండా చేయలేమా? ఒంటి రైలు మార్గం మీద ఎదురెదురుగా రెండు బండ్లు రాకూడదు. మన రైల్వేలో చాలాకాలం దీనికొక పద్ధతి వాడారు. ఇనుప గుండు ఒకటి ఉండేది. అది చేతికి అందితేనే డ్రైవరు బండి కదపాలి. అవతలి స్టేషనులో గుండును యంత్రంలో వేస్తేనే మరో గుండు బయటికి వచ్చేది. రెండు స్టేషన్ల యంత్రాలూ తీగతో కలిపి ఉండేవి గనుక ఒకేసారి రెండు గుండ్లు రావు.

ఫోల్డరులో ‘నేను రాస్తున్నాను’ అనే చిన్న ఫైలు పెడితే అదే మన గుండు అనుకోవచ్చు. కాని తేడా గమనించండి. ఇనుప గుండు ఒక్కచోటే ఉంటుంది. ఫైలుకు నకలు వస్తుంది. నెట్ లేనప్పుడు మీ గుండు కాకినాడలోనే ఆగిపోయి, హైదరాబాదుకు కనబడదు. అక్క తనూ ఒకటి పెట్టుకుంటుంది. గాలివాన రోజున ఈ గుండు పనిచేయదు. దాని కంటే అక్కకు ఫోను చేసి ‘ఈ వారం నేను రాస్తాను’ అని చెప్పడం మేలు.

ఇంకో జాగ్రత్త. గ్రాంప్స్ వంటి ప్రోగ్రాములు పని చేసేటప్పుడు వివరాలను డేటాబేసులో ఉంచుతాయి. దానికి తోడుగా తాత్కాలిక ఫైళ్ళు కూడా ఉండవచ్చు. అవి సగం మారుతుండగా నకలు వెళ్ళిపోతే అవతల విరిగిన పుస్తకం చేరుతుంది. కాబట్టి పని డేటాబేసును ఉమ్మడి ఫోల్డరులో పెట్టకండి. పని ముగించి, ఎగుమతి చేసిన జెడ్‌కామ్ ఫైలును మాత్రం అందులో ఉంచండి. దాని పేరులో తేదీని ముందు సంవత్సరం, తరువాత నెల, రోజు వచ్చేలా రాస్తే ఫైళ్ళు వాటంతటవే వరుసలో నిలుస్తాయి. మూడో ప్రతి కావాల్సివచ్చినప్పుడు వెతుక్కోనక్కర లేదు.

ఇక చాలామంది పొరబడే విషయం ఒకటి. ఉమ్మడి ఫోల్డరు భద్రమైన నకలు కాదు. మీరు ఒకచోట తీసేస్తే, అది నమ్మకంగా రెండోచోటా తీసేస్తుంది! గూగుల్ డ్రైవ్‌లో తీసేసిన ఫైలు 30 రోజులు చెత్తబుట్టలో ఉండి, ఆ తరువాత పోతుంది. నెలకొకసారి వేరే పెన్ డ్రైవులోకి ఎక్కించుకోండి. ఏడాదికొకసారి కాగితం మీద అచ్చు తీసి నాయనమ్మకు ఇవ్వండి. తప్పులు ఆవిడే ముందు పట్టుకుంటుంది.

చనిపోయినవారి వివరాలు ఒక ఎత్తు, బతికున్నవారివి మరొక ఎత్తు. పుట్టిన తేదీ, తల్లి పుట్టింటి ఇంటిపేరు వంటివి కొన్నిచోట్ల ఖాతా తెరవడానికి రహస్య ప్రశ్నలుగా అడుగుతారు. ‘లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చు’ అని పెడితే, ఆ లింకు ఎక్కడెక్కడికి పోతుందో మీ చేతిలో ఉండదు. పేర్లు ఎంచి ఇద్దరికో ముగ్గురికో మాత్రమే అనుమతి ఇవ్వండి. ఎగుమతి చేసేటప్పుడు బతికున్నవారిని వదిలేసే సౌకర్యం చాలా ప్రోగ్రాముల్లో ఉంది. దత్తత, రెండో పెళ్ళి, జబ్బులు వంటి సంగతులు రాసేముందు ఆ మనిషిని అడగాలి. అడిగితే వద్దన్నారా, రాయకండి.

చేసి చూడండి

కంప్యూటరు లేకపోయినా ఈ పాఠమంతా తరగతిలో ప్రయోగంగా చేయవచ్చు. మూడు నోటు పుస్తకాల్లో ఒకే కుటుంబం వివరాలు రాయండి. ఒకటి బల్ల మీద ఉంచండి, అదే మబ్బు. మిగతా రెండూ ఇద్దరు విద్యార్థులు తీసుకుని గదికి చెరో మూల కూర్చోవాలి. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఒక్కొక్కరు ఒక పేరు చేర్చి, ఒక పేరు కొట్టేయకుండా తీసేసి, శుభ్రంగా తిరగరాసి తేవాలి. మూడో విద్యార్థి ముందు ఆ రెండు పుస్తకాలు మాత్రమే చూసి కలపడానికి ప్రయత్నించాలి. ఆ తరువాత బల్ల మీది పుస్తకం తెరిచి మళ్ళీ కలపాలి. రెండుసార్లకూ ఎన్ని తప్పులు వచ్చాయో లెక్కపెట్టండి. తరువాత ముగ్గురు రాసేవారితో, నాలుగో పుస్తకంతో ఇదే ప్రయోగం చేసి, ఎన్నిచోట్ల ‘మనిషిని అడుగు’ అని వచ్చిందో గుర్తించండి.